ప్రశ్న గుర్తు

"చుక్క పెట్టడం కూడా రాదా సెలవమ్మా?"

టీమ్ లీడ్ ఆమె కుర్చీ వెనక నిలబడి, పక్క బల్లలవాళ్ళకి కూడా వినపడేలా అడిగాడు. పిల్ల పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరినందుకు అతను ఆమెకి పెట్టిన పేరది.

"పెట్టానండి. అయినా ప్రోగ్రాం అక్కడ ఆగట్లేదు."

అది లిఫ్టును నడిపే ప్రోగ్రాం. మూడు నొక్కితే నాలుగో అంతస్తులో తలుపు తెరుస్తోంది. తప్పు పట్టాలంటే డీబగ్గర్‌లో అనుమానం ఉన్న వరస పక్కన ఎర్ర చుక్క పెట్టాలి. ప్రోగ్రాం అక్కడ ఆగి లోపలి సంగతులు చూపిస్తుంది. ఆమె పెట్టిన చుక్క మాత్రం బోలుగా మిగిలింది. ప్రోగ్రాం దాన్ని లెక్కచేయకుండా దూసుకుపోతోంది.

ఐదింటికి ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది. ఈలోగా తప్పు దొరక్కపోతే ఇంటికే. ఇక జన్మలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరనీ, పెద్దయ్యాక కూతురు కూడా తనని ఎందుకూ పనికిరానిదనుకుంటుందనీ ఆమె అప్పుడే ఊహించేసుకుంది.

"పైన ప్రశ్న గుర్తుంది కదండీ, హెల్ప్. అందులో చూడనా?"

"హెల్పా?" లీడ్ నవ్వాడు. "చేతకానివాళ్ళు చదివేది అది. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, ఒక్కసారి తెరిచిన పాపాన పోలేదు. తెలీకపోతే నన్నడుగు."

"అడుగుతున్నాగా."

"పావుగంటాగు."

ఎప్పుడూ అంతే. ఏదడిగినా పావుగంట కూర్చోబెట్టి, తర్వాత నలుగురిలో జవాబు చెప్పి, ఈపాటి కూడా తెలీదా అని ముక్తాయిస్తాడు. రెండు నెలల్లో ఆమెకి తన బుర్ర మీదే అసహ్యం పుట్టింది.

ఇంతలో మేనేజరమ్మ దగ్గర్నుంచి అతనికి పిలుపొచ్చింది.

"నీ సంగతి తేల్చడానికే," అన్నాడు లీడ్ వెళుతూ. "నీ కంప్యూటర్ వెనక్కి పట్టుకెళ్ళమని చెప్పేశా. మిగిలిన గంటా నా దాంట్లో కొట్టుకో."

ఆమె అతని కుర్చీలోకి మారింది. తన ప్రోగ్రాంని అమరికలతో సహా అలాగే తెరిచింది. ఇక్కడా బోలు చుక్కే. ఫోన్ మోగింది. పిల్ల మెట్ల మీంచి పడిందనుకుని గబుక్కున ఎత్తింది.

"పిల్ల పడుకుంది. నువ్వు తిన్నావా?" అంది అమ్మ.

తిన్నానని అబద్ధమాడి, ఇక పోయే పరువేముందని ప్రశ్న గుర్తు నొక్కింది. వెతికితే జవాబు రెండు ముక్కల్లో దొరికింది. చుక్కలన్నిటినీ పనిచేయకుండా చేసే బొత్తాం ఒకటి నొక్కి ఉందట. దాన్ని విడిపించగానే చుక్క నిండుగా ఎర్రబడింది. ప్రోగ్రాం చెప్పినచోట ఆగింది. అంతస్తుల లెక్క ఒకచోట సున్నాతో, మరోచోట ఒకటితో మొదలవుతోంది. సరిచేసి మూడు నొక్కింది. మూడులోనే తలుపు తెరుచుకుంది.

వెనక అడుగుల చప్పుడు.

"చూశారా మేడమ్? నేను చెప్పలా," అన్నాడు లీడ్. "హెల్ప్ ముందేసుకుని కూర్చుంది."

"తప్పు దొరికిందా?" మేనేజరమ్మ ఆమెనే అడిగింది.

"దొరికిందండి. సరిచేశాను."

"అది చూసి ఎవరైనా చేస్తారు," లీడ్ పెదవి విరిచాడు.

మేనేజరమ్మ కళ్ళజోడు సవరించుకుని తెర మీదకి వంగింది. కాసేపు చదివి, లీడ్ వైపు తిరిగింది.

"ఇది నీ కంప్యూటరే కదూ?"

హెల్ప్ పక్కన 'ఇదివరకు చదివినవి' అన్న పట్టికలో, రెండు నెలలుగా ఆమె అతన్ని అడిగిన ప్రశ్నలన్నీ వరసగా ఉన్నాయి.