పడమటి గోడ

“పగలగొట్టవలసింది ఇక్కడే” అంటూ చెంగల్రాయప్ప పడమటి గోడమీద సుద్దముక్కతో నిలువుగా రెండు గీతలు, అడ్డంగా ఒకటి గీశాడు. మదనపల్లెలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయిన చేయి. గీతలు వంకర పోలేదు.

మేస్త్రీ నల్లప్ప గడ్డపారను నేలకు ఆనించి నిలబడిపోయాడు.

“ఈడనేనా సార్? పోయినేడాది ఈ కంతను మూసింది నేనే గదా. మళ్ళా నన్నే తెరవమంటాండారు.”

“మూసినవాడికే కొలత తెలుస్తుంది. అంతే వెడల్పు ఉండాలి. దానికి తలుపు బిగించాలి.”

వంటింట్లోంచి ఆయన అక్క రాజేశ్వరమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. భర్త పోయిన నాటినుంచీ ఆమె తమ్ముడి దగ్గరే ఉంటున్నది. గోడమీది గీతలు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

“రేయ్ చెంగల్రాయా, మతి గాని పోయిందా? ఆ పక్క వాకిలి యాలరా?”

“పాలవాడు ఆ వీధిలోనే ఆగుతాడు. ముందు వాకిలినుంచి చుట్టూ తిరిగి పోవడం దేనికి?”

“అర లీటరు పాలకు వాకిలా!”

నల్లప్ప నవ్వబోయి మానుకున్నాడు.

పుంగనూరుకు దగ్గరలోని ఆ పల్లెలో అంత పాత మిద్దె మరొకటి లేదు. చెంగల్రాయప్ప తాత కట్టించినది. మట్టిగోడలు మూరెడు మందం. ముందు వాకిలికి జానెడు ఎత్తు రాతి గడప. ఇంటి కోడళ్ళందరూ ఆ గడప దాటే లోపలికి వచ్చారు. తాత, అవ్వ, తల్లి, తండ్రి ఆ గడప మీదుగానే పాడెమీద బయటికి వెళ్ళారు. చెంగల్రాయప్ప భార్య సుశీలమ్మ ఒక్కతే ఆ దారిన పోలేదు. ఆ గడపే కాలికి తగిలి పడి, తుంటి ఎముక విరిగి, మంచం పట్టి, చివరికి ధనిష్ఠా నక్షత్రంలో కన్నుమూసింది. ఆ నక్షత్రంలో పోయినవారిని వాకిట్లోంచి తీసుకుపోరాదనీ, తీసుకుపోతే దారి గుర్తుపట్టి తిరిగి వస్తారనీ ఊరివారి నమ్మకం. రాజేశ్వరమ్మ పట్టుబట్టి పడమటి గోడకు కంత పెట్టించింది. శవాన్ని అందులోంచి దాటించి, పొద్దు గుంకేలోగా ఇటుకా సిమెంటూ పెట్టి మూయించింది. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టి, అక్కాతమ్ముడూ పుంగనూరులో అద్దెకుండి తిరిగి వచ్చారు.

వచ్చిన నాటినుంచీ ఆ గోడ కుదురుగా లేదు. నడి వేసవిలోనూ సిమెంటు అతుకు చెమ్మగిల్లేది. దీపాలు పెట్టే వేళకు, అవతలినుంచి ఎవరో అరచేత్తో గోడను తడుముతున్నట్లు చప్పుడు వినిపించేది.

“ఎలుకలు” అనేవాడు చెంగల్రాయప్ప, చేతిలోని పేపరు దించకుండానే. “మట్టికీ సిమెంటుకూ పొసగదు. అందుకే చెమ్మ.”

ఇప్పుడూ అదే మాట అన్నాడు.

“ఎలకలైతే, ‘పోమ్మా సుశీలా’ అంటానే యాల నిలిచిపోతాయిరా? ఎలకలకు పేర్లుంటాయా?” అంది రాజేశ్వరమ్మ.

చెంగల్రాయప్ప చటుక్కున తల తిప్పి చూశాడు. “పొమ్మంటున్నావా?”

“మరి రమ్మనాల్నా?”

ఆయన గోడవైపు తిరిగాడు. సందు చూసుకుని నల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

“గడప రాయికి యాడ చెప్పేది సార్?”

“గడప వద్దు. గచ్చు నేలకు సమంగా ఉండాలి.”

“గడప లేకపోతే అది వాకిలెట్లయితాది సార్? పండగ పూట అమ్మ పసుపు యాడ పూస్తాది?”

“నాకు మోకాళ్ళ నొప్పులు.”

“ఎప్పటినుంచిరా?” అంది రాజేశ్వరమ్మ. “మొన్ననే గదా బోయకొండ మెట్లన్నీ నడిచి ఎక్కితివి!”

“లోపల గడియ అన్నా పెట్టల్లా, వద్దా సార్?”

“వద్దు.”

“దొంగలొస్తారు సార్.”

“రానీ. ఇంగ్లీషు పుస్తకాలు తప్ప వాళ్ళకు ఇక్కడ ఏమీ దొరకదు.”

రాజేశ్వరమ్మ వచ్చి సుద్దగీతలకు అడ్డంగా నిలబడింది.

“ఇదో, సూడు. ఈ తలుపు తెరిస్తే ఆ యమ్మి నేరుగా నట్టింట్లోకి వస్తాది. అట్లాంటి ఇంట్లో నేనుండను. కుప్పంలో రోజా దగ్గిరికి, నా బిడ్డ దగ్గిరికి పోతాను. పోతే మళ్ళా రాను. గ్లాసుడు నీళ్ళిచ్చేదానికి నీకు మనిషుండదు. తలుపు కావల్నా, నేను కావల్నా?”

చెంగల్రాయప్ప సుద్దముక్కను వేళ్ళమధ్య తిప్పాడు. తల్లి పోయిన తరువాత తనను చంకనెత్తుకుని పెంచిన అక్క. ఈ ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

“ఇలాంటి భయాలకు లొంగి ఒక వాకిలి మానుకోలేను అక్కా” అన్నాడు చివరికి. “నల్లప్పా, కానివ్వు.”

తలుపు బిగించిన రోజునే రాజేశ్వరమ్మ ప్రయాణమయింది. చెంగల్రాయప్ప సంచి మోసుకుని బస్సుదాకా వెళ్ళాడు. కుప్పం బస్సు కిటికీలోంచి ఆమె కళ్ళు తుడుచుకుంటూ అంది.

“ఆ ఇంగ్లీషు సదువు నీ గుండెను రాయి చేసిందిరా నాయనా. నీకు దేనిమీదా నమ్మకం లేదు.”

ఆయన కాదనలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చాడు.

దీపాలు పెట్టే వేళయింది. ఆనాడు పేపరు తెరవలేదు. కుర్చీని పడమటి గోడకు ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. కాసేపటికి చప్పుడు మొదలయింది. మెల్లగా, ఎవరో తడుముతున్నట్లు. ఈసారి గోడమీద కాదు, కొత్త చెక్కమీద.

చెంగల్రాయప్ప లేచి వెళ్ళి రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. వీధిలో ఎవరూ లేరు. ఆయన దారి వదిలి ఒక పక్కకు జరిగాడు.

“గడప పెట్టించలేదు సుశీలా, మెల్లగా రా.”