చీకటికి కాపలా

"ఎలుకలు నాకు ద్రోహం చెయ్యవు. చేస్తే మనుషులే చెయ్యాలి!" అంటూ ఆచార్యులవారు బల్ల గుద్ది, ఎదురుగా నిలబడ్డ పరిశోధక విద్యార్థిని వైపు వేలు చూపారు. "పంజరాలు తారుమారు చేశావు. ఒప్పుకో!"

"లేదు సార్. వాటి చెవులకున్న బిళ్ళలు మీరే చూశారు కదా."

"బిళ్ళలు అబద్ధమాడవచ్చు. నా సిద్ధాంతం ఆడదు!"

ఆ సిద్ధాంతం సామాన్యమైనది కాదు. ప్రతి జీవకణంలోనూ పగలేదో రాత్రేదో తెలిపే జన్యువులు కొన్ని కొలువై ఉంటాయనీ, వేళకాని వేళ వెలుతురు సోకి అవి గాడి తప్పితే కణాలు విచ్చలవిడిగా పెరిగి కాన్సర్ ముప్పు హెచ్చుతుందనీ ఆచార్యులవారు దేశదేశాల సభల్లో ఘోషించి ఉన్నారు. ఈ సంగతి ఆయన కనిపెట్టింది కాదు గానీ, కనిపెట్టినవారి కంటే గట్టిగా నమ్మారు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆయన ఇంట్లో టీవీ మోగదు, ఫోను వెలగదు. ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బుల్బును సైతం స్వహస్తాలతో ఊడబెరికారు. తడుముకుంటూ మంచినీళ్ళు తాగడం ఆ ఇల్లాలికి అలవాటైపోయింది. ఇంతటి నిద్రాప్రచారకుడి కళ్ళ కింద అంత నల్లటి వలయాలేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. మేధావుల కళ్ళు అలాగే ఉంటాయని సరిపెట్టుకున్నారు.

సిద్ధాంతానికి రుజువు కోసం ఎలుకల మందిరం వెలసింది. మొదటి గదిలో పగలు వెలుతురు, రాత్రి కటికచీకటి. రెండో గదిలో వేళాపాళా లేకుండా లైట్లు. రెండో గది ఎలుకలకు కణితులు రావాలి, వచ్చాయి. మొదటి గదివి నిక్షేపంలా ఉండాలి. వాటికీ అంతే జోరుగా వచ్చాయి!

తీర్పు చెప్పడానికి డైరెక్టరమ్మ వచ్చి కూర్చున్నారు. తప్పు విద్యార్థినిదని తేలితే ఆమె డాక్టరేటు ఇక్కడితో సరి. ఏళ్ళ చాకిరీ ఎలుకల పాలు.

"ఏమ్మా, మేతలో ఏమైనా తేడా వచ్చిందా?"

"రెండు గదులకూ ఒకే బస్తా మేడమ్."

"నీళ్ళు?"

"ఒకే కుళాయి."

"చూశారా, ఎలా తడుముకోకుండా చెబుతోందో!" అన్నారు ఆచార్యులవారు, వస్తున్న ఆవులింతను అరచేత్తో ఆపుకుంటూ. "ముందే వల్లె వేసుకొచ్చింది."

"తడుముకుంటే ఏమనేవారు సార్?" అని అడిగింది విద్యార్థిని.

"దొరికిపోయిందనేవాణ్ణి."

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసి తాపీగా తుడుచుకున్నారు. "మేతా నీళ్ళూ బిళ్ళలూ సరిగ్గానే ఉంటే, ఇక మిగిలింది చీకటే. మొదటి గది రాత్రిళ్ళు నిజంగా చీకటిగానే ఉండేదా?"

"నాకు తెలీదు మేడమ్. సార్ నన్ను సాయంత్రమే ఇంటికి పంపించేసేవారు, తాళంచెవి తీసుకుని మరీ. 'పోయి పడుకో, నీ జన్యువులు పాడైపోతాయి' అనేవారు."

"మరి చీకటి పూచీ ఎవరిది?"

ఆచార్యులవారు సింహాసనం దిగే చక్రవర్తిలా లేచి నిలబడ్డారు. తన చీకటిని శంకించడం తన వంశాన్ని శంకించడంతో సమానం.

"నాది! అచ్చంగా నాది! ఇలాంటివాళ్ళ చేతుల్లో పెడతాననుకున్నారా? కిటికీలకు నల్లగుడ్డ నేనే కొట్టాను. తలుపు సందులు నేనే మూశాను. అంత చేసీ గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నానా? లేదు మేడమ్! ఎక్కడైనా చీమ దూరేంత కన్నం మిగిలిపోయి, వీధిదీపం వెలుతురు లోపల పడుతోందేమోనని, ఒక్క రాత్రి కూడా మానకుండా పక్క మీంచి లేచి వచ్చి, గదిలో లైట్లన్నీ వేసి మరీ మూలమూలా వెతికి వెళ్ళేవాణ్ణి!"