గట్టిగా ఏడు

హారన్ మీద చెయ్యి పడగానే కిషోర్ ఆ చేతి మీద ఛెళ్ళున ఒక్కటి వేశాడు.

"ఫెయిల్," అన్నాడు.

"గేదె అడ్డమొచ్చిందిరా."

"ఐర్లండులో ఏది అడ్డమొచ్చినా హారన్ కొట్టరన్నావుగా. ఆగు, చూడు, దాన్ని పోనివ్వు."

మనీషా చెయ్యి రుద్దుకుంటూ నవ్వింది.

తెనాలిలో ఆరేళ్ళు కారు నడిపిన మనిషే. ఐర్లండు వెళ్ళాక ఈ లైసెన్సు చెల్లదన్నారు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని పరీక్షకు వెళితే రెండుసార్లూ తప్పింది. మలుపు కనబడితే చాలు, చెయ్యి తనంతట తానే హారన్ మీదికి పోతుంది.

రోగుల ఇళ్ళకు కారులో తిరిగే నర్సు ఉద్యోగం ఆమెది. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఉండదు. అందుకే సెలవుకు వచ్చి కూడా, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రోజూ తెనాలి నుంచి రేపల్లె దాకా ప్రాక్టీసు చేస్తోంది.

రేపల్లె వచ్చేసింది. చేపల మార్కెట్టు ముందు మలుపు. గోడ అడ్డంగా ఉంది, అవతల ఏముందో కనబడదు.

చెయ్యి లేచింది.

కిషోర్ వేలు చూపించాడు.

చెయ్యి దిగిపోయింది.

గోడ చాటు నుంచి చేపల తట్టతో ఒక సైకిలు రోడ్డు మీదికి వచ్చింది. హారన్ వినబడలేదంటే బండి రావడం లేదనే అక్కడ లెక్క. సైకిలు మనిషి తల కూడా తిప్పలేదు.

బ్రేకు మీద కాలు పడేసరికే పెద్ద చప్పుడయింది. రోడ్డంతా చేపలు. మనిషిలో కదలిక లేదు.

మనీషా దూకినట్టుగా దిగి మెడ దగ్గర నాడి చూసింది. అందలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ అతని గుండె మీద పెట్టి నొక్కసాగింది.

"గుద్ది పడేసింది చాలక రొమ్ము మీద గుద్దుతుందేంట్రా," అన్నారెవరో.

అంతే. వెనక నుంచి ఎవరో ఆమె జుట్టు పట్టి లాగారు.

కిషోర్‌ని కిటికీలోంచే బయటికి ఈడ్చారు. "మా అక్క నర్సండి, బతికించడానికే..." అంటుండగానే మూతి మీద గుద్దు పడింది. కింద పడ్డవాణ్ణి కాళ్ళతో తొక్కారు. ఐసు పగలగొట్టే ఇనప కమ్మీ ఒకడి చేతిలో లేచి, కిషోర్ మోచేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు మనీషాకు వినబడింది.

"నడిపింది అది. వాణ్ణి కొడతారేంట్రా?"

కమ్మీ ఆమె వైపు తిరిగింది.

"పేరంటాలొచ్చింది, జరగండెహె," అని వెనక నుంచి ఒక గొంతు.

గుంపు రెండుగా చీలింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, యాభై ఏళ్ళ మనిషి ముందుకు వచ్చింది. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఒకసారి చూసింది. వంగి, అతని పక్కన పడిన తలగుడ్డ తీసి బొడ్లో దోపుకుంది.

తర్వాత గిరుక్కున తిరిగి, మనీషా జుట్టు పిడికిట పట్టి చెంప మీద ఫెడీమని కొట్టింది.

"దీని లెక్క నేను చూసుకుంటా. ఇంకెవడన్నా చెయ్యేశాడో, ఆ చెయ్యి నరుకుతా."

కమ్మీ పట్టుకున్నవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

పేరంటాలు ఆమెను రోడ్డు పొడుగునా ఈడ్చుకుపోయింది. నడిచినంతసేపూ వీపు మీద చరుస్తూనే ఉంది, బూతులు తిడుతూనే ఉంది. చొక్కా చెయ్యి పర్రున చిరిగింది. గుంపు చూస్తూ వెంట వస్తోంది.

"ఏడు," అంది పేరంటాలు ఆమె చెవిలో. "గట్టిగా ఏడవ్వే."

మనీషా గట్టిగా ఏడ్చింది. ఏడిపించి మరీ సంతోషించే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

పోలీస్ స్టేషన్ గుమ్మంలోకి ఆమెను ఒక్క తోపు తోసి, పేరంటాలు వెనక్కి తిరిగి పరుగెత్తింది.

సైకిలు మనిషి పేరు వీరాస్వామి అనీ, అక్కడికక్కడే పోయాడనీ సాయంత్రం ఆసుపత్రిలో తెలిసింది. పోలీసులు మోసుకొచ్చిన కిషోర్ తలకు కుట్లు పడ్డాయి. చేతికి కట్టు కట్టారు.

"కేసవుద్ది. నీ ప్రయాణం ఆగిపోద్దక్కా," అన్నాడు వాచిన మూతితో. "మనమూ ఒకటి పెట్టాలి. పేరు తెలిసింది ఆవిడొక్కదానిదే. ఆవిడ మీదే పెట్టు."

కాపలాగా ఉన్న కానిస్టేబుల్ సంధ్యారాణి కాగితం తీసింది.

"ఆ పేరంటాలు నన్ను చావగొట్టిందండి," అంది మనీషా.

"దెబ్బలెక్కడున్నాయో చూపించండమ్మా. రాసుకుంటా."

తెర వేసి, మెడా వీపూ చేతులూ అన్నీ చూసింది సంధ్యారాణి. పెన్ను మూత పెట్టేసింది.

"గీత కూడా లేదండి."

మనీషా చెంప తడుముకుంది. వాపు లేదు. చిరిగిన చొక్కా కింద భుజం నున్నగా ఉంది. అటు మంచం మీద తమ్ముడు పక్కకు ఒత్తిగిల్లలేక మూలుగుతున్నాడు.

"పోయినేడు అదే మలుపులో ఒక లారీ కుర్రాణ్ణి కొట్టి చంపారండి," అంది సంధ్యారాణి. "పేరంటాలు కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. ఎవరాగారు? ఆ కుర్రాడు ఈమె చేతుల్లోనే పోయాడు. ఈసారి బతిమాలలేదు, తనే మిమ్మల్ని కొట్టుకుంటూ తీసుకొచ్చింది."

మనీషా చిరిగిన చొక్కా సర్దుకుని లేచింది.

"ఎక్కడుంటారండి ఆమె? ఒక్కసారి కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటాను."

"ఈ ఆసుపత్రిలోనే ఉందండి, వెనకాల. ఇప్పుడు మాత్రం పోకండమ్మా."

మనీషా వినలేదు. వరండా దాటి వెనక్కి వెళ్ళింది.

మార్చురీ గుమ్మంలో, తెల్లగుడ్డ చాలక బయటికి వచ్చిన వీరాస్వామి పాదాల మట్టిని చీరకొంగుతో తుడుస్తూ కూర్చుని ఉంది, అతని భార్య పేరంటాలు.