కాకి తన్నిన పొద్దు

హనుమంతరాయప్ప నెత్తి మీద చెయ్యి పెట్టుకుని వాకిట్లోంచి లోపలికి వచ్చాడు.

"కాకి తన్నె," అన్నాడు.

రాగిపిండి జల్లిస్తున్న గుండమ్మ చెయ్యి ఆగింది. మొగుడి మొహం చూసింది. తర్వాత తలుపులోంచి బయటికి చూసింది. ఊరి చివరి ఇల్లది. వాకిలి దాటగానే సోలారు పలకలు మొదలై, కనుచూపు మేర మెరుస్తూ ఉంటాయి.

"కాకా?" అంది.

"ఏం? అమావాస్యకు మా అమ్మ పేరున పెట్టిన అన్నం తినిపోలేదా? నువ్వే చెప్తివి, కాకి ముట్టినాదని."

గుండమ్మ జల్లెడలోకి చూసింది.

"చెప్తిని," అంది.

కాకి నెత్తిన తన్నితే చావు తప్పదని ఆంధ్రా సరిహద్దున ఉన్న ఆ కర్ణాటక పల్లెల్లో నమ్మకం. దానికి విరుగుడూ ఉంది. మనిషి పోయాడని తెలిసినవాళ్లకు కబురు పెట్టాలి. అది నిజమనుకుని ఒక్కరైనా ఏడవాలి. ఆ కన్నీళ్లతో గండం గడుస్తుంది. తర్వాత నిజం చెప్పి, తిట్లు తిని, నవ్వుకోవచ్చు.

హనుమంతరాయప్ప నవలలు రాస్తాడు. బడిలో మూడో క్లాసు దాకా చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాడు. ఇంట్లో మాట తెలుగు కాబట్టి రాసేదీ తెలుగే. తన నేల ఆ సోలారు పలకల కిందికి పోయాక వేరే పని లేదు. పొద్దున లేవడం, మెరుపు కళ్లలో పడకుండా కుర్చీ గోడవైపు తిప్పుకోవడం, వేళ్లు పట్టేసేదాకా రాయడం. ఒక నవల అయిపోతే ఇంకొకటి. ఎందుకు రాస్తున్నాడో ఆయనే మరిచిపోయాడు.

ఎవరైనా "మీరు ఆంధ్రా రచయితా?" అని అడిగితే మాత్రం కలం కింద పెడతాడు.

"మాది కర్ణాటకప్పా," అంటాడు.

నవంబరు ఒకటిన మిద్దె మీద పసుపు ఎరుపు కన్నడ జెండా కడతాడు. పక్కనున్న హొసకోటకు పోయి, కర్ణాటక పుట్టిన రోజుకు చేసే రాజ్యోత్సవంలో జనం వెనక నిలబడి వస్తాడు. వేదిక మీదికి ఎప్పుడూ పిలవలేదు. రాసేది తెలుగు కదా అన్నారు. బహుమతికని అనంతపురం పంపిన పుస్తకం తిరిగి వచ్చింది. మీది కర్ణాటక కదా అన్నారు.

చావంటే ఆయనకు పెద్ద భయమేమీ లేదు. చచ్చిన మర్నాడంటే భయం. కంచం ముందు కూర్చుని అప్పుడప్పుడు పెళ్లాన్ని అడుగుతాడు.

"నేను పోతే, మావోడు పోయినాడని ఎవరంటారే?"

గుండమ్మ ఇంకో సంగటి ముద్ద వేస్తుంది.

ఇప్పుడు జల్లెడ పక్కన పెట్టి లేచింది.

"ఎవరికి చెప్పల్ల? హిందూపురంలో మీ అక్కకా?"

"వద్దు. ముసిల్ది గుండె పగిలి చస్తాది. అనంతపురం శివరాజుకు చెయ్యి. ఆమీట హొసకోట రంగనాథకు."

శివరాజు అంటే, పుస్తకం తిప్పి పంపినాయన. రంగనాథ రాజ్యోత్సవం జరిపించే ఆయన.

"వాళ్లు ఏడుస్తారా?"

"చేసి చూడు. స్పీకరు పెట్టు."

గుండమ్మ చెయ్యి కడుక్కుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫోను తీసుకుంది.

"సార్, మా ఆయన పోయినాడు సార్. నవలలు రాస్తాండె కదా, హనుమంతరాయప్ప."

"అయ్యయ్యో," అన్నాడు శివరాజు. "ఆ కర్ణాటకాయనేనా తల్లీ? పాపం, ఎంత ఓపికో ఆయనకు. మీ వైపు వాళ్లు సంతాప సభ పెడితే చెప్పండి. వీలుంటే వస్తాం."

హనుమంతరాయప్ప గోడ చూస్తున్నాడు.

రెండో ఫోను హొసకోటకు పోయింది. రంగనాథ ఇంట్లోనూ తెలుగే.

"ఏమంటివక్కా? ఎప్పుడు? మొన్న బస్టాండులో చూస్తినే! చానా మంచోడు. తెలుగాయనైనా జెండా పండగకు తప్పకుండా వస్తాండె. ఆంధ్రా పేపర్లకు చెప్పినారా? వాళ్లయితే బాగా వేస్తారు. నాకు రేపు మీటింగు ఉండాది గానీ, ఎవరిచేతనన్నా హారం పంపిస్తాలే."

ఫోను ఆగిపోయింది.

"ఇంగ వీళ్లకు నిజం చెప్పొద్దా?" అంది గుండమ్మ.

"అడిగితే చెప్దాం. అడగరులే."

"హారం వస్తే?"

"వాకిలికి కట్టు."

గుండమ్మ నవ్వలేదు. గోడకు ఆనుకుని కూలబడింది. చెంగులో మొహం దాచుకుని, నిజంగానే పీనుగ ముందు కూర్చున్నట్టు, వెక్కి వెక్కి ఏడ్చింది. హనుమంతరాయప్ప బిత్తరపోయాడు.

"ఏమే, నీకు తెల్దా? నేనీడనే ఉండా కదా!"

"ఎవరో ఒకరు ఏడ్వల్ల కదా, గండం పోవల్లంటే."

"పెండ్లాం ఏడిస్తే లెక్కకొస్తాదా?"

"కాకికేం తెల్సు, ఏడ్సింది ఎవరో. పో, పోయి రాసుకో."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. గోడవైపు తిప్పుకోలేదు. వంటింటి వైపు తిప్పుకున్నాడు. కాసేపు ఆమెనే చూసి, అలిసిన చేత్తో కలం తీశాడు.

గుండమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ జల్లెడ అందుకుంది.

చెట్లు కొట్టి పలకలు పరిచినప్పటి నుంచి ఆ ఊళ్లో కాకి అన్నదే లేదనీ, అమావాస్య నాటి అన్నం మాపటి దాకా ఎదురుచూసి ఆవుకు పెట్టింది తానేననీ, ఆమె ఆయనకు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.