రెండో సీటు మైకు

విమానం ఇంకా నేల మీదే ఉంది గానీ నరేంద్ర కోపం మాత్రం అప్పుడే గాల్లోకి లేచింది.

"ఆయప్ప మాట నాకు ఇనపడ్తాంది. నా మాట ఆయప్పకు పోవడం ల్యా. ఏందిది?" అంటూ హెడ్‌సెట్ పీకి ఒళ్లో పడేసుకున్నాడు.

పక్క సీట్లోని పైలట్ త్రివిక్రమ్ ఇంజను ఆపేశాడు. "ఇది పలక్కుండా నేను లేపను సార్" అన్నాడు నింపాదిగా.

అది రెండే సీట్ల చిన్న విమానం. విత్తనాల వ్యాపారి నరేంద్ర కొత్తగా కొని, నంద్యాల బయట ఓ ప్రైవేటు రన్‌వే పక్క షెడ్డులో పెట్టించాడు. ఇంజను మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు కాబట్టి, లోపలివాళ్లు మాట్లాడుకోవడానికి ఇంటర్‌కామ్, కిందివాళ్లతో మాట్లాడటానికి రేడియో నిన్ననే బిగించారు. ఇవాళ మొదటిసారి ఆళ్లగడ్డ మీదుగా ఎగరాలి. అక్కడ మామగారి మిద్దె మీద అత్తగారి తరఫు బలగమంతా ఎనిమిదింటి నుంచీ మెడలు పైకెత్తి నిలబడి ఉంది. ఫోను మీద ఫోను వస్తోంది.

షెడ్డు ఇంజనీరు వరదరాజులు అహోబిలం అర్చకుల ఇంట పుట్టి విమానాల మరమ్మతులోకి వచ్చినవాడు. ముప్పై ఏళ్లుగా ఎవరి చేతా మాట పడలేదు. ఇవాళ పడాల్సి వచ్చేసరికి దాన్ని గబుక్కున పక్కకు తోసేశాడు.

"ఇంటర్‌కామ్ బిగిచ్చింది లూదియా. టంకం సరిగ్గా పడినట్టు ల్యా" అన్నాడు.

లూదియా ఆళ్లగడ్డ పిల్ల. ఏడాదిగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. మొదటి వైరు నుంచి ఆఖరి స్క్రూ దాకా తానొక్కతే చేసిన మొట్టమొదటి పని ఇది. నిన్న సాయంత్రం చెవులకు పెట్టుకుని చూసి, బాగుందని సంతకం పెట్టింది మాత్రం వరదరాజులే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు.

"నేర్చుకునేటోళ్ల చేత చేపిచ్చి నా పానం మీదికి తెస్తావా సామీ?" అన్నాడు నరేంద్ర. "రేపట్నుంచి ఈ పాప ఈడ కనపడగూడదు. ఇంకొకర్ని చూసుకో."

లూదియా మొహంలో నెత్తురు చుక్క లేదు. విమానం లోపలికి వంగింది. నరేంద్ర మైకు పిన్ను పీకి, అది దూరే రంధ్రంలో దూది పుల్ల పెట్టి మెల్లగా తిప్పింది. పుల్ల బయటికొచ్చింది. కొనన దూది ఎర్రగా ఉంది.

కుంకుమ!

లూదియా చప్పున గుప్పిట మూసేసింది. కానీ వరదరాజులు చూడనే చూశాడు. పొద్దున కొబ్బరికాయ కొట్టి పూజ చేసింది ఆయనే. తడి కుంకుమ గిన్నె పట్టుకుని ప్రొపెల్లరుకు, చక్రాలకు, రెక్కలకు, తలుపులకు, లోపల చెయ్యి అందిన ప్రతిదానికీ బొట్లు పెట్టుకుంటూ పోయాడు. ఎక్కడెక్కడ పెట్టాడో ఆయనకే లెక్క లేదు.

"తప్పు యాడుందో తెలిసిందా?" అన్నాడు నరేంద్ర.

"తెలిసింది సార్. నాదే తప్పు" అంది లూదియా తల దించుకుని.

పిన్ను మళ్లీ పెట్టారు. నరేంద్ర ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. త్రివిక్రమ్ బొటనవేలు ఎత్తి చూపించాడు. మాట గంట కొట్టినట్టు పోతోంది.

వరదరాజులు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తన పూజే విమానం గొంతు నొక్కిందని నలుగురిలో ఎలా చెప్పడం? కూతురి వయసు పిల్ల తన పరువు కోసం ఉద్యోగం పోగొట్టుకుంటోంది, తను నోరు మూసుకుని చూస్తున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. త్రివిక్రమ్ తలుపు వేసుకోబోతుంటే ఇక ఆగలేక దాన్ని పట్టుకున్నాడు.

"నరేంద్రా, తప్పు ఆ పాపది కాదు. పొద్దున నేను పెట్టిన కుంకుమ మైకు బొక్కలోకి కారింది. నిన్న చూసి సంతకం పెట్టింది గూడా నేనే. ఆ పాపను తీసేస్తే నేనూ ఈడ ఉండను."

నరేంద్ర ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వేశాడు. "దేవుని బొట్టుకు ఏమంటాం సామీ! ముందే చెప్పింటే అయిపోయేది గదా. సరే, ఉండనీ ఆ పాపను."

తప్పు ఒకటే. లూదియాదైతే ఉద్యోగం తీసింది, తనదయ్యేసరికి నవ్వయిపోయింది. శిక్ష తప్పినందుకు వరదరాజులు ఇంకా సిగ్గుపడ్డాడు.

విమానం పరుగెత్తి ఆళ్లగడ్డ వైపు లేచిపోయింది. వరదరాజులు లూదియా ఎదుటికి వచ్చాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"నన్ను కాపాడేదానికి నువ్వెందుకు మాట పడ్డావ్ పాపా? ఇది సామి పెట్టిన కుంకుమ అని ఒక్క మాట చెప్పింటే పోయేది గదా!"

లూదియా గుప్పిట విప్పి ఎర్రటి దూది పుల్ల వంక చూసుకుంది.

"ఇది మీరు పెట్టింది కాదు సామీ. పొద్దున మీరు అన్నిట్కీ బొట్టు పెట్టి, నేను బిగిచ్చినదాన్ని ఒక్కదాన్నే ఇడ్సిపెట్టి పోయినారు... చూడలేక నేనే పెట్టుకున్నా."