శుక్రవారం నాలుగింటికి పావుగంట

"కేలండర్‌లో ఈ 'నెల్లెకె, పావుగంట' ఏంటి? శుక్రవారం నాలుగింటికి కనిపిస్తుంది, తీరా ఆ రోజొచ్చేసరికి పై వారానికి జరిగిపోతుంది," అన్నాడు వైబ్రెన్. యూట్రెక్ట్ నగరంలో వాళ్ళిద్దరూ పనిచేసే కంపెనీ పెట్టింది అతనే.

"నీ టైము ఎవరికి కావాలన్నా నన్నే అడగాలని రూలు పెట్టావుగా. నాకూ అదే రూలు," అంది అతని సహాయకురాలు నెల్లెకె. "నీకేదో అర్జంటు పని తగుల్తుంది, నన్ను నేనే వాయిదా వేసుకుంటున్నా."

"ఇంతకీ దేనికా పావుగంట?"

"ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి."

వైబ్రెన్ చేతిలో చీజు రొట్టె ఆగిపోయింది. గబగబా పాత వారాలన్నీ తిప్పి చూశాడు. ఏ శుక్రవారమూ నాలుగింటికి అతనికి ఏ పనీ లేదు.

నెల్లెకె కిటికీ వైపు తిరిగింది.

"అన్నట్టు, ఈ శుక్రవారం కూడా నాకు అర్జంటు పనుంది," అన్నాడతను.

"తెలుసు. పొద్దున్నే జరిపేశాను."