అవతలి చివర

“తలుపు తియ్యే, పద్మినీ!” హాస్టల్ వరండాలోంచి సీనియర్ సుశ్మిత పిలిచింది.

పద్మిని గడియ తీసింది. మంచం మీద సర్దిన బ్యాగుంది.

“ఎక్కడికే?”

“మా ఊరు సోనేపూర్ ఎల్లిపోతన్నానక్కా. లెక్కల పేపరు పోయింది. ఫెయిలైనోల్లని కాలేజీలో ఉంచరు గదా. నాన్న ఆటోలో వస్తన్నాడు. ఇంటికెల్తే మొగం సూపించలేను, ఇక్కడేమో ఉండనీరు.”

“ఉంచరని ఎవులు సెప్పినారు?”

“ఎవుల్నని అడగను? మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కినోల్లు లేరు.”

సుశ్మిత నవ్వలేదు. “మాదీ మీలాగే సేపల వేట ఊరే, చమఖండి. మా ఇంట్లోనూ నేనే మొదులు. నాకు రెండు పోయినాయి, మల్లీ రాస్తన్నాను.”

అంతలో పద్మిని ఫోన్ మోగింది. నాన్న. పద్మిని ఎత్తలేదు. సుశ్మితే స్పీకర్ నొక్కింది.

“బాబాయ్, పోయిన పేపరు మల్లీ రాయొచ్చు. వల సిరిగితే పడవ అమ్మేస్తామేటి? కుట్టుకుంటాం.”

ఆటో రొదలోంచి నాన్న గొంతు వినిపించింది.

“కుట్టొచ్చమ్మా. పెద్ద వల ఒక్కలే కుట్టలేరు. అవతలి సివర పట్టుకోడానికి ఇంకొకలుండాల. మా పిల్లకి అక్కడెవులున్నారు?”

పద్మిని తలెత్తి చూసింది. సుశ్మిత అప్పటికే నేలమీద చతికిలబడి, బ్యాగులోంచి లెక్కల పుస్తకం బయటికి లాగుతోంది.

“ఉన్నారు నాన్నా,” అంది పద్మిని. “ఆటో ఎనక్కి తిప్పించు.”